మన వాట్సాప్ గ్రూపులో అందరికీ చోటుందా?

పై వీడియోలో జీవామృతం కొలతలు చూశారు కదా! 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది ఎకరానికి. ఫార్వర్డ్ అయ్యేటప్పుడు ఇందులో ఒక్క సున్నా జారితే చాలు, నష్టపోయేది నమ్మి వాడిన రైతే.

అందుకే మా గ్రూపులో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం:

• ఏ కషాయమైనా ఎవరి చేలో, ఏ పంట మీద, ఎప్పుడు వాడారో చెప్పాలి. పనిచేయకపోతే అదీ చెప్పాలి.

• వేరేవాళ్ల వీడియో అయితే వాళ్ల పేరు తీసేయకూడదు.

• రైతుని అడక్కుండా పొలం ఫోటో, దిగుబడి లెక్క పెట్టకూడదు.

• సరుకు అమ్మేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. నాక్కూడా ఇదే రూలు.

ఇంకో మాట. చాలా ఇళ్లలో ఫోను మగవాళ్ల జేబులో ఉంటది. కలుపు తీసేది, విత్తనం దాచేది మాత్రం ఆడవాళ్లు. చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ పెట్టండి. డిజిటల్ గ్రీన్ సంస్థ చిన్న ప్రొజెక్టర్లతో మహిళా సంఘాలకు వీడియోలు చూపించి, మధ్యలో ఆపి మాట్లాడించింది. మనకు ప్రొజెక్టర్ లేకపోయినా సంఘం మీటింగులో ఒక ఫోను చాలు.

ఈ వీడియో పదిమందికి పంపే ముందు, ఫోను లేని మీ పక్కచేను అక్కకు చూపించండి. ఆమె అడిగిన డౌటు గ్రూపులో పెట్టండి, ఆమె పేరుతోనే, ఆమె సరేనంటేనే.