బంగాళాదుంప తెగులు – ముసురు, వంగడము

1845లో ఐర్లండున బంగాళాదుంప చేలు కొలది దినములలో నల్లబడి కుళ్ళినవి. ఇదియే ఆకుమాడు తెగులు. వాడుకలో మనము బూజు అన్నను, దీనిని కలిగించు సూక్ష్మజీవిని నేటి శాస్త్రజ్ఞులు శిలీంధ్రములలో చేర్చరు. చల్లని ముసురు దీనికి బలము. 10 డిగ్రీలకు తగ్గని చలియు, విడువని తేమయు రెండు దినములు నిలిచినచో, దీని సిద్ధబీజములు ఆకులపై తడిలో ఈదుచు లోనికి చొచ్చును.

ముసురును మాత్రమే నిందించిన చాలదని మా తలంపు. ఐరిషు పేదలు విస్తారముగా నాటినది లంపరు అను ఒక్క రకము. దుంపముక్కలనుండి మొలచినవగుటచే మొక్కలన్నియు ఒకదానికొకటి ప్రతిరూపములు. ఒకటి లొంగిన అన్నియు లొంగును. ఆ కరవున 1852 నాటికి ఆకలిచేతను జ్వరములచేతను సుమారు 10 లక్షలమంది మరణించిరి.

తెగులును ఓర్చు రకములు పిమ్మట వచ్చినవి. మన దేశమున 1968లో విడుదలైన కుఫ్రీ జ్యోతి మొదట బాగుగా తట్టుకొన్నది. కాని సూక్ష్మజీవియు మారుచుండుటచే దాని ఓర్పు క్రమముగా సడలినది.