పాత వ్యాన్ కిటికీలోంచి వాన నీరు కారుతోందా? సిలికాన్ పూసే ముందు ఇవి తెలుసుకోండి

మారుతి వ్యాన్ 1984లో మార్కెట్లోకి వచ్చింది. 1988లో దాని పేరు ఓమ్నిగా మారింది. 2019లో తయారీ ఆగిపోయింది. అయినా ఆ బళ్లు రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లల్ని బడికి తీసుకెళ్లే వ్యానుగా, అంబులెన్సుగా, సరుకులు మోసే బండిగా ఎన్నో కుటుంబాలకు ఓమ్ని బతుకుతెరువైంది.

వానాకాలం వస్తే ఇలాంటి పాత బళ్లలో మొదలయ్యే ఇబ్బంది ఒకటుంది. వెనక సీట్ల పక్కన ఉండే, జరిపి తెరిచే అద్దాల దగ్గర నీరు కారి సీట్లు తడుస్తాయి. వెంటనే తోచే ఉపాయం అద్దం చుట్టూ సిలికాన్ పట్టించడం. కారడం కొన్నాళ్లు ఆగుతుంది. కానీ లోపల తుప్పు మొదలయ్యేది కూడా అప్పుడే.

కిటికీ ఎలా పనిచేస్తుంది?

జరిపే అద్దం కదలాలంటే దానికీ ఫ్రేముకీ మధ్య కొద్దిగా సందు ఉండాలి. అందుకే అది నీటిని పూర్తిగా ఆపలేదు. కింది చానల్‌లోకి కొంత నీరు దిగడం మామూలే. ఆ నీరు బయటికి పోవడానికి సాధారణంగా చానల్ అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి.

కిటికీలో మూడు భాగాలు ముఖ్యం. అద్దం జారే చానల్‌లో ఉండే మెత్తని ఫెల్ట్ మొదటిది. రెండు అద్దాలు కలిసే చోట నిలువుగా ఉండే సీల్ రెండోది. మొత్తం ఫ్రేమును బాడీకి పట్టి ఉంచే బయటి రబ్బరు బీడింగ్ మూడోది.

దుమ్ము, ఆకుల పొడి చేరి రంధ్రాలు మూసుకుపోతే చానల్‌లో నీరు నిండి లోపలికి పొర్లుతుంది. తడి మట్టిని పట్టుకున్న ఫెల్ట్ రోజుల తరబడి ఆరదు. ఆ పైన సిలికాన్ పూస్తే నీటికి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పెయింట్ లేచిపోయిన చోట అది ఇనుమును తినేస్తుంది.

నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

దీన్ని తేల్చడానికి ఇద్దరు మనుషులు, ఒక మగ్గు, ఒక టార్చి చాలు. ఒకరు బయట నుంచి నెమ్మదిగా నీళ్లు పోయాలి. ముందు కిటికీ అడుగున, తర్వాత పక్కల, చివరికి పైన. రెండోవారు లోపల కూర్చుని చూడాలి. సర్వీసింగ్ పైపుతో వేగంగా కొడితే మంచి సీల్ దగ్గర కూడా నీరు దూరవచ్చు, కాబట్టి అసలు సంగతి తెలియదు.

చానల్ నిండి పొర్లితే రంధ్రాలు మూసుకున్నట్టు. పాత టూత్ బ్రష్, సన్నని ప్లాస్టిక్ తీగ సరిపోతాయి. అద్దాలు కలిసే చోట కారితే నిలువు సీల్ అరిగినట్టు. అద్దం గడగడమని ఊగుతుంటే ఫెల్ట్ పోయినట్టు. ఫ్రేముకీ బాడీకీ మధ్య నుంచి వస్తేనే బయటి బీడింగ్ మార్చాలి.

బీడింగ్ మార్చడం ఎలా?

లోపలి వైపు రబ్బరు అంచును మొద్దుగా ఉన్న చెక్క ముక్కతో లేపి, ఫ్రేమును బయటికి నెట్టాలి. బయట మరొకరు పట్టుకోవాలి. గట్టిపరిచిన అద్దానికి అంచు మీద దెబ్బ తగిలితే మొత్తం ముక్కలైపోతుంది కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

రబ్బరు తీశాక కనిపించే తుప్పును గీకి, ప్రైమర్, పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ పని వదిలేస్తే కొత్త రబ్బరు పాత తుప్పును దాచడానికే పనికొస్తుంది.

కొత్త బీడింగ్‌ను ముందుగా ఫ్రేముకు తొడగాలి. బాడీ అంచు కూర్చునే గాడిలో చుట్టూ గట్టి తాడు వేసి, కొసలు లోపలికి వదలాలి. సబ్బు నీళ్లు రాసి ఫ్రేమును బయట నుంచి ఆనించి నొక్కుతుంటే, లోపలి మనిషి తాడు లాగుతూ పోవాలి. రబ్బరు అంచు దానంతటదే బాడీ మీదికి ఎక్కుతుంది. బీడింగ్‌ను సాగదీసి బిగించకూడదు. తర్వాత అది కుంచించుకుపోయి అతుకు దగ్గర సందు పడుతుంది.

ఏ రబ్బరు కొనాలి?

ఎండ, గాలిలోని ఓజోన్ వల్ల సాధారణ రబ్బరు పగుళ్లిస్తుంది. ఈపీడీఎం రకం రబ్బరు వాటిని బాగా తట్టుకుంటుంది. అయితే దానికి డీజిల్, కిరోసిన్, గ్రీజు పడవు. తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. అద్దం సాఫీగా జరగడానికి సిలికాన్ స్ప్రే వాడవచ్చు. అది పూత సిలికాన్ లాంటిది కాదు, సందుల్ని మూయదు.

ఇంత శ్రమ ఎందుకు?

ప్రైవేటు బండికి 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ తనిఖీ తప్పదు. స్కూలు వ్యాన్ల వంటి రవాణా వాహనాలకైతే 8 ఏళ్లు దాటాక ఏటా ఉంటుంది. ఇంజిన్‌కు ఎప్పుడైనా మరమ్మతు చేయించుకోవచ్చు. కిటికీ కింద రేకు, నేల తుప్పుతో చిల్లులు పడితే టింకరింగ్ ఖర్చు పాత బండి విలువను మించిపోవచ్చు. అందులో కూర్చునే పిల్లల భద్రతా దెబ్బతింటుంది.

అందుకే తొలకరికి ముందు చేయాల్సిన మొదటి పని చానల్ రంధ్రాలు శుభ్రం చేయడం. నీరు లోపలికి రాకుండా చూడటం ఎంత అవసరమో, వచ్చిన నీరు బయటికి పోయేలా చూడటం అంతకంటే అవసరం.