రంగుల లెక్కన లోతు

కదిలే పడవ వెనక గాలం వేసి లాగితే ఎర లోతుకు పోదు. పడవ ఆగి ఉన్నప్పుడు బుడుంగున అడుగుకు చేరే ఎరే, పడవ కదలగానే పైకి లేచి నీటి మట్టానికి కాస్త కిందుగా పరుగులు తీస్తుంది. చేప ఏమో నలభై యాభై అడుగుల కింద ఉంటుంది. అమెరికా, కెనడాల నడుమ ఉన్న మహా సరస్సుల్లో సాల్మన్, వాల్‌ఐ చేపలకు గాలం వేసేవాళ్ళ తంటా ఇదే. వాళ్ళది ట్రోలింగ్ పద్ధతి: పడవను నెమ్మదిగా నడుపుతూ, ఎరను వెనక ఈడ్చుకుంటూ గంటల తరబడి తిరగడం. ఎరను కిందికి దించడానికి వాళ్ళ దగ్గరున్న ఉపాయాల్లో నాకు బాగా ముచ్చటేసేది లెడ్‌కోర్ లైన్. చూడ్డానికి గాలపు దారమే, కాస్త మందం ఎక్కువ. లోపల సన్నని సీసపు తీగ, దాని చుట్టూ నైలాన్ లేదా డేక్రాన్ పోగుల అల్లిక. పది గజాలకొకసారి ఆ అల్లిక రంగు మారుతుంది. అందుకే అక్కడ ఎవరూ ఎన్ని అడుగులు వదిలావని అడగరు, ఎన్ని రంగులు వదిలావని అడుగుతారు.

చేపలు అంత కిందికి ఎందుకు పోతాయంటే, కారణం ఎండ. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. వేసవిలో వెచ్చబడిన నీరు తేలికై పైన నిలిచిపోతుంది, చల్లనిది కింద ఉండిపోతుంది. ఈ రెండూ ఓ పట్టాన కలవవు. వాటి మధ్య కొద్ది అడుగుల మందాన ఒక పొరలో ఉష్ణోగ్రత గబగబా పడిపోతుంది. దాన్ని థర్మోక్లైన్ అంటారు. చినూక్ సాల్మన్‌కు 10 నుంచి 13 డిగ్రీల చల్లదనం హాయి. కాబట్టి జులై, ఆగస్టుల్లో అది ఆ పొర చుట్టుపక్కలే తిరుగుతుంది. వాల్‌ఐ అంతకన్నా వెచ్చని నీటిలోనూ ఉండగలదు. దాని ఇబ్బంది వెలుగుతో. కంటిలోపల కాంతిని తిప్పికొట్టే పొర ఉండటంతో అది మసక వెలుతురులో బాగా వేటాడుతుంది, మిట్ట మధ్యాహ్నం లోతు వెతుక్కుంటుంది. ఈరీ సరస్సు నడిమి భాగంలో దానికి ఇంకో చిక్కు: వేసవి చివరికి అట్టడుగు పొరలో ఆక్సిజన్ అయిపోతుంది. పైన వెలుగు, కింద ఊపిరాడని నీరు. మధ్యలో మిగిలిన పట్టీలోనే ఎర నడవాలి.

అన్నట్టు, మిషిగన్ సరస్సులో చినూక్ సాల్మన్ పుట్టుకతో ఉన్న చేప కాదు, పసిఫిక్ తీరం నుంచి తెచ్చిపెట్టినది. కాలువల దారిన చొరబడ్డ లాంప్రే అనే రక్తం పీల్చే జీవి అక్కడి లేక్ ట్రౌట్‌లను తుడిచిపెట్టింది. తినే పెద్ద చేప లేకపోవడంతో ఏల్‌వైఫ్ అనే చిన్న చేప, అదీ బయటి నుంచి వచ్చిందే, లెక్కకు మిక్కిలిగా పెరిగిపోయింది. 1967 వేసవిలో చచ్చిన ఏల్‌వైఫ్‌లు మిషిగన్ సరస్సు ఒడ్డున గుట్టలుగా పడ్డాయి. మిషిగన్ రాష్ట్ర మత్స్య విభాగానికి అధిపతిగా ఉన్న హోవర్డ్ టానర్ చొరవతో అప్పటికే 1966లో కోహో సాల్మన్ పిల్లలను వదిలారు, 1967లో చినూక్‌ను వదిలారు. తిండికి కొదవ లేదు కాబట్టి అవి ఇట్టే బలిశాయి. వాటి వెంటే గాలాల వాళ్ళూ వచ్చారు. ఇప్పుడు షికాగో, క్లీవ్‌లాండ్ వైపు ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ సరస్సులు ఊరి చెరువంత దగ్గర.

ఇక అసలు విషయం. ఒక రంగు అంటే 30 అడుగుల దారం. పడవ గంటకు 2 మైళ్ళ వేగంతో నడుస్తుంటే, ఒక్కో రంగుకు ఎర ఇంచుమించు 5 అడుగులు దిగుతుందని అక్కడి వాడుక లెక్క. రెండు రంగులకు 10, ఐదు రంగులకు 25. ఇలా తిన్నగా పెరగడం వింతే. మన విసురు వలకు సీసపు గుళ్ళన్నీ అంచునే ఉంటాయి. గాలానికీ అలాగే చివర ఒక గుండు కట్టి లాగితే, మొదట వదిలిన దారానికి లోతు బాగానే వస్తుంది. ఆ తర్వాత ఎంత వదిలినా నీటి ఒరిపిడి పెరుగుతుందే గాని లోతు అంతగా పెరగదు. సీసం దారం పొడవునా పరుచుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది.

నీటిలో నడుస్తున్న లెడ్‌కోర్ దారంలో ఒక జానెడు ముక్కను తీసుకోండి. సీసం నీటికన్నా పదకొండు రెట్లకు పైగా సాంద్రమైనది కాబట్టి బరువు దాన్ని కిందికి లాగుతుంది. ముక్క పడవ నడిచే దిక్కుకు సమాంతరంగా పడుకుని ఉంటే నీరు దాని పక్కనుంచి జారిపోతుంది, పైకి నెట్టేది ఏమీ ఉండదు. అప్పుడది వాలడం మొదలెడుతుంది. వాలిన కొద్దీ నీరు దాని ఒంటికి అడ్డంగా కొట్టి పైకి నెడుతుంది. ఎక్కడో ఒక వాలు దగ్గర బరువూ, నీటి నెట్టుడూ సరిసమానమవుతాయి. పక్క జానెడు ముక్కదీ అదే బరువు, అదే మందం, కాబట్టి అదే వాలు. అలా దారమంతా ఒకే వాలులో తిన్నగా నిలుస్తుంది. 30 అడుగులకు 5 అడుగులంటే ఆ వాలు పది డిగ్రీలు కూడా లేదు. పది రంగులు, అంటే 300 అడుగుల దారం వదిలితే ఎర ఉండేది 50 అడుగుల కింద. మిగతా పొడవంతా వెనక్కే పోతుంది.

ఈ వాలును మార్చేది వేగం. నీటి నెట్టుడు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్కను చివరిదాకా చేస్తే, లోతు ఇంచుమించు వేగానికి విలోమంగా వస్తుంది. 2 మైళ్ళకు 5 అడుగులు దిగే రంగు, రెండున్నర మైళ్ళకు 4 అడుగులే దిగుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జీపీఎస్ చూపేది నేల మీది వేగం, దారానికి తెలిసేది నీటిలో వేగం మాత్రమే. సరస్సు లోపల ప్రవాహం ఎదురొస్తే తెర మీద అంకె మారకుండానే ఎర పైకి తేలుతుంది.

అమర్చడం కష్టమేమీ కాదు, ముడి ఒక్కటే జాగ్రత్తగా వేయాలి. పెద్ద రీలు కావాలి, ఎందుకంటే ఈ దారం చోటు బాగా తింటుంది. ముందు మామూలు దారం కొంత చుట్టి, దాని మీద లెడ్‌కోర్, చివర 20 నుంచి 50 అడుగుల ఫ్లోరోకార్బన్ దారం కడతారు. ఈ చివరిది నీటిలో అంతగా కనబడదు, రంగురంగుల మందపాటి దారానికీ ఎరకూ మధ్య ఎడం ఉంచుతుంది. ముడి వేసేచోట అల్లికను వెనక్కి జరిపితే సీసపు తీగ బయటపడుతుంది. నాలుగైదు అంగుళాలు రాగానే దాన్ని వేళ్ళతో అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. అల్లికను మళ్ళీ ముందుకు సవరిస్తే చివర బోలు గొట్టంలా మిగులుతుంది. ఫ్లోరోకార్బన్ కొసను ఆ బోలులోకి దూర్చి, రెండింటినీ కలిపి ముడివేసి, తడిపి బిగిస్తారు. దారం బలమంతా అల్లికదే, సీసానిది కాదు. దాన్ని ముడిలో ఉంచితే బొడిపె లావై కర్ర మీది రింగుల్లో తట్టుకుంటుంది తప్ప లాభం లేదు. తెంపిన ఆ తునకను నీళ్ళలోకి విసరకూడదు. చిన్న సీసపు గుళ్ళు మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయని అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కొన్ని వాటి వాడకాన్ని కట్టడి చేశాయి.

దారం వదిలేటప్పుడు పడవ నడుస్తూనే ఉండాలి, రీలు మీద బొటనవేలు ఆనించే ఉంచాలి. ఒక్కసారిగా వదిలేస్తే దారం చిక్కుపడి మెలికలు పడుతుంది, మెలిక పడ్డచోట లోపలి సీసం విరుగుతుంది. పైకి ఏమీ కనబడదు. వేళ్ళ మధ్య జార్చి చూస్తే మాత్రం ఒకచోట మెత్తగా, పక్కనే గట్టిగా తగులుతుంది. పడవ ఆగితే ఇంకా చేటు: వాలు కుప్పకూలి దారమంతా అడుగున పరుచుకుని రాళ్ళకు తగులుకుంటుంది.

పడవ మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు దారం నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటి వైపుది వేగం పుంజుకుని పైకి లేస్తుంది. చేప ఏ వైపు గాలానికి పడిందో చూస్తే, ఆ పూట వాటికి ఏ వేగం, ఏ లోతు నచ్చుతున్నాయో అర్థమవుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు కావాలనే వంకరటింకరగా నడిపేది అందుకే. చేప పడవ అలికిడికి బెదిరే చోట, దారాన్ని పక్కకు లాక్కుపోయే ప్లేనర్ బోర్డు అనే చెక్కను తగిలిస్తారు. దాని క్లిప్పును వెనకున్న మామూలు దారానికే పెట్టడం మేలు, లెడ్‌కోర్ మీద బిగిస్తే అల్లిక నలుగుతుంది. అందుకే బోర్డులకు మూడు రంగులో, ఐదు రంగులో మాత్రమే ఉన్న పొట్టి లెడ్‌కోర్లు కడతారు.

చినూక్ 60 అడుగులకు దిగిపోయి, పైగా రెండున్నర మైళ్ళ వేగానికే నోరు తెరుస్తానంటే లెక్క ప్రకారం పదిహేను రంగులు కావాలి. అంత దారం చాలా రీళ్ళలో పట్టదు. అప్పుడు రాగి తీగ తీస్తారు. రాగి సీసం కన్నా తేలికైన లోహమే, అయినా అదే పొడవుకు ఎక్కువ లోతు దిగుతుంది. లెడ్‌కోర్ మందంలో మంచి వాటా అల్లికది. అది నీటి దెబ్బ తింటుంది గాని బరువు పెద్దగా ఇవ్వదు. రాగి తీగకు తొడుగే లేదు, మందమంతా లోహమే.