4.3 బహుళ ఏజెంట్ వ్యవస్థల్లో దోష సహనం

ఒక్కో ఏజెంటు సగటున 1000 రోజులకు ఒకసారి ఆగిపోతుందనుకుందాం. 10 ఏజెంట్లున్న వ్యవస్థలో సగటున 100 రోజులకు ఒక వైఫల్యం వస్తుంది. 10,000 ఏజెంట్లుంటే రోజుకు 10 వస్తాయి. అంటే పెద్ద వ్యవస్థలో వైఫల్యం అరుదైన ఘటన కాదు, రోజూ ఉండేదే. కొన్ని భాగాలు చెడినా మొత్తం వ్యవస్థ తన సేవను కొనసాగించగలగడాన్ని దోష సహనం అంటారు.

4.3.1 వైఫల్యాన్ని గుర్తించడం

ప్రతి ఏజెంటూ నిర్ణీత వ్యవధిలో 'పనిచేస్తున్నాను' అనే చిన్న సందేశం పంపుతుంది. దీన్ని హార్ట్‌బీట్ అంటారు. గడువులోగా అది రాకపోతే ఏజెంటు ఆగిపోయిందని భావిస్తారు. అయితే ఇది అనుమానమే గాని నిర్ధారణ కాదు. నెట్‌వర్క్‌లో సందేశం ఆలస్యమైనా ఇలాగే కనిపిస్తుంది. గడువు మరీ తక్కువైతే పనిచేస్తున్న ఏజెంటును కూడా ఆగిపోయిందనుకుంటాం. మరీ ఎక్కువైతే పునరుద్ధరణ ఆలస్యమవుతుంది.

4.3.2 పర్యవేక్షణ వృక్షం

స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థ 1980లలో టెలిఫోన్ వ్యవస్థల కోసం ఎర్లాంగ్ భాషను రూపొందించింది. ఇందులోని ప్రక్రియలు మెమరీని పంచుకోవు, సందేశాలతోనే సంప్రదించుకుంటాయి. అందువల్ల ఒక ప్రక్రియ కూలినా మరొకదాని డేటా పాడవదు. పనిచేసే ప్రక్రియలపై ఒక పర్యవేక్షక ప్రక్రియ ఉంటుంది. కింది ప్రక్రియ కూలితే దాన్ని తొలి స్థితి నుంచి మళ్లీ ప్రారంభిస్తుంది. కొద్ది సమయంలోనే పరిమితికి మించి కూలుతుంటే పర్యవేక్షకుడు తానూ ఆగిపోయి, సమస్యను పై అంచెకు వదిలేస్తుంది. ఎర్లాంగ్ రూపకర్తల్లో ఒకరైన జో ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ విధానాన్ని 2003 నాటి తన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో వివరించారు.

4.3.3 పనిని తిరిగి అప్పగించడం

ఉదాహరణకు, కరెంటు బిల్లు చెల్లించే ఏజెంటు నుంచి జవాబు రాలేదు. అదే పనిని మరో ఏజెంటుకు అప్పగించాం. నిజానికి మొదటిది ఆగిపోలేదు, నెమ్మదించింది. రెండూ పని పూర్తిచేస్తే వినియోగదారుని ఖాతా నుంచి సొమ్ము రెండుసార్లు పోతుంది! దీన్ని నివారించడానికి ప్రతి పనికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తారు. ఖాతాను నిర్వహించే భాగం ఆ సంఖ్యను నమోదు చేసుకుంటుంది. అదే సంఖ్యతో అభ్యర్థన మళ్లీ వస్తే సొమ్ము తీయకుండా పాత ఫలితాన్నే తిరిగి పంపుతుంది. సంఖ్య నమోదు, సొమ్ము తీయడం రెండూ ఒకే లావాదేవీగా జరగాలి. లేకపోతే ఆ రెండింటి మధ్య వైఫల్యం వచ్చినప్పుడు సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హార్ట్‌బీట్ రాకపోవడం వైఫల్యానికి కచ్చితమైన రుజువు ఎందుకు కాదు?
2. పర్యవేక్షకుడు పునఃప్రారంభాలకు పరిమితి ఎందుకు పాటిస్తుంది?
3. రైలు టికెట్ బుకింగ్‌లో పనికి ప్రత్యేక సంఖ్య లేకపోతే ఏమవుతుంది?