తగ్గిన బరువు ఎందుకు తిరిగొస్తుంది?

బరువు తగ్గడం, తగ్గిన బరువును నిలుపుకోవడం వేర్వేరు పనులు. మొదటిది నెలల్లో తేలుతుంది. రెండోదానికి గడువు లేదు. అన్నం పూర్తిగా మానేసి పది కిలోలు తగ్గినవాళ్లు మనలో చాలామందికి తెలుసు. వాళ్లలో ఎక్కువమంది కొన్నాళ్లకు మళ్లీ పాత బరువు వైపు వస్తారు. "నోరు కట్టుకోలేకపోయారు" అంటారు చుట్టుపక్కలవాళ్లు. ఆ మాటలో సగం కూడా నిజం లేదు.

కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ (రక్తంలో తిరుగుతూ కబురు మోసే రసాయనం) వెలువడుతుంది. అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దీన్ని గుర్తించింది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడుకు తెలిసేది దీనివల్లే. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. కరువొచ్చిందని మెదడు అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గిస్తుంది. పొట్టలో తయారయ్యే గ్రెలిన్ అనే మరో హార్మోన్ కూడా పెరుగుతుంది. ఇదంతా నాలుగు వారాల్లో సర్దుకునేది కాదు. మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందిని ఎంచుకుని పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏడాది తర్వాత కూడా వారి హార్మోన్లు ఆకలి వైపే మొగ్గి ఉన్నాయి.

జీవక్రియ (కదలకుండా ఉన్నా శరీరం శక్తిని వాడుకునే తీరు) మందగించిందని అందరూ బెంగపడతారు. కానీ అసలు భారం ఆకలిదే. అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకీ రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుంది.

ఈ సంగతి ఇప్పుడు మరింత అవసరం. ఆకలిని అణిచే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గేందుకు 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్ పరీక్షల్లో మందు ఆపినవారికి ఏడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మందు ఆగింది, ఆకలి తిరిగొచ్చింది.

కాబట్టి ఆకలిని భరించమనే తిండి తీరు నిలవదు, తీర్చేది నిలుస్తుంది. తక్కువ కేలరీలతో కడుపు నింపేవి మాంసకృత్తులు, పీచు, నీరు ఉన్న పదార్థాలు. మన కంచంలో లోటు వీటిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని చెప్పింది. చాలా ఇళ్లలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

రాత్రి అన్నం మాని చపాతీలు తినడం దీనికి పరిష్కారమనుకుంటారు. బియ్యం, గోధుమలు, జొన్నలు, కొర్రలు వేటికవి తూచి చూస్తే కేలరీల్లో పెద్ద తేడా లేదు. పీచులోనే తేడా. ధాన్యం మార్చడం కంటే దాని కొలత తగ్గించడం ముఖ్యం. ఒక గరిటె అన్నం తగ్గించి, పప్పు ముద్దగా, ఎక్కువగా వేసుకోవచ్చు. బీరకాయో సొరకాయో, కూర అన్నంతో సమానంగా ఉండాలి. గుడ్డు, చేప, ఉడికించిన శనగలు, పల్చటి మజ్జిగ కలిస్తే ఆకలి చాలాసేపు ఆగుతుంది. నూనె మాత్రం కొలిచే పోయాలి, చిన్న చెంచాడు నూనెకే 45 కేలరీలు. ఆవకాయ కలిపితే అన్నం ఎంత దిగుతుందో వేరే చెప్పాలా? మానక్కర్లేదు, కంచంలో అన్నం ముందే కొలిచి పెట్టుకుంటే చాలు.

అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీ నడుస్తోంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలుపుకున్నవారే అందులో చేరతారు. తగ్గిన దారులు రకరకాలు. నిలుపుకున్న తీరులో మాత్రం పోలికలున్నాయి. చాలామంది ఉదయం టిఫిన్ మానరు. రోజూ గంట సేపు, ఎక్కువగా నడకతో, ఒళ్లు కదిలిస్తారు. వారానికొకసారైనా బరువు చూసుకుంటారు. స్వచ్ఛందంగా చేరినవాళ్లు కనుక ఇదే కారణమని తేల్చలేం. అయినా తూకం అలవాటు అర్థమవుతుంది. పండగల్లో పెరిగిన రెండు కిలోలను రెండు వారాల్లో సరిచేయొచ్చు, ఎనిమిదైతే కష్టం.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి. లేదంటే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు.