House Construction: స్లాబ్‌కి కంకర తెప్పిస్తున్నారా? లారీ దించే ముందు ఇవి చూడండి!

ఇల్లు కట్టేవాళ్లు సిమెంట్ ఏ బ్రాండ్, స్టీల్ ఏ కంపెనీ అని పదిమందిని అడుగుతారు. కంకర దగ్గరకొచ్చేసరికి ‘20 ఎంఎం ఒక లారీ పంపండి’ అని ఫోన్‌లో చెప్పి వదిలేస్తారు. కానీ కాంక్రీట్ పరిమాణంలో 60 నుంచి 75 శాతం వరకు ఉండేది కంకర, ఇసుకే. అందుకే రాయి ఆకారం, సైజుల కలయిక చాలా ముఖ్యం.

పెంకుల్లాంటి రాయితో ముప్పు

అన్ని వైపులా దాదాపు సమానంగా, గరుకుగా ఉండే కంకర బెస్ట్. సిమెంట్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నునుపైన గుండ్రాయికి నీళ్లు తక్కువ సరిపోతాయి కానీ పట్టు తగ్గుతుంది. అసలు సమస్య పెంకుల్లా పలచగా, పుల్లల్లా పొడవుగా ఉండే రాళ్లతోనే. ఇవి అడ్డంగా పడుకుంటాయి. వాటి కింద నీరు చేరి, ఆరాక ఖాళీలు మిగులుతాయి. ఐఎస్ 383 ప్రమాణం ప్రకారం ఇలాంటి రాళ్లు రెండు రకాలూ కలిపి 40 శాతం దాటకూడదు.

అన్నీ ఒకే సైజా?

డబ్బాలో నిమ్మకాయలు నింపితే మధ్యలో సందులుంటాయి. అందులో శనగలు పోస్తే సందులు నిండుతాయి. కంకర కూడా అంతే. అంతా 20 ఎంఎం రాయే ఉంటే సందులు ఎక్కువై, వాటిని నింపడానికి సిమెంట్, ఇసుక ఎక్కువ కావాలి. 10, 12 ఎంఎం చిప్స్ కూడా తగిన పాళ్లలో కలిస్తే మాల్ చిక్కగా కూర్చుంటుంది.

నీళ్లు పోస్తే బలం పోయినట్టే

కంకర బాగోకపోతే మాల్ సరిగా జారదు. వెంటనే ఇంకో బకెట్ నీళ్లు పోసేస్తారు. సిమెంట్‌కి నీటి పాళ్లు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని 1918లోనే అమెరికా ఇంజినీర్ డఫ్ అబ్రామ్స్ చెప్పారు. నీళ్లు పోయకుండా వదిలేస్తే మాల్ సరిగా కూరుకోదు. కాంక్రీట్‌లో 5 శాతం ఖాళీలు మిగిలినా బలం దాదాపు 30 శాతం పడిపోతుంది. ఆ సందుల్లోంచి తేమ దిగి ఊచలు తుప్పు పడతాయి.

సైట్‌లో ఇలా చెక్ చేయండి

* లారీలో నాలుగైదు చోట్ల నుంచి కంకర తీసి నేలపై పరవండి. పలచటి, పొడవాటి రాళ్లు ఎక్కువ కనిపిస్తే దించనివ్వకండి. అనుమానం ఉంటే ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి.
* చేతికి దుమ్ము బాగా అంటితే కడిగాకే వాడండి. దుమ్ము ఉంటే సిమెంట్ రాయిని పట్టుకోదు.
* రాయి సైజు స్లాబ్ మందంలో నాలుగో వంతు దాటకూడదు. 5 అంగుళాల స్లాబ్‌కి అది సుమారు 31 ఎంఎం. అంటే 40 ఎంఎం కంకర పనికిరాదు.
* 20 ఎంఎం, చిప్స్ ఏ పాళ్లలో కలపాలో ఇంజినీర్‌తో రాయించుకుని మేస్త్రీకి ఇవ్వండి.

స్లాబ్ పడ్డాక కంకర మార్చలేం. చూసుకోవాల్సింది లారీ దగ్గరే.