ఇంటింటికీ ఒక పెట్టె, గల్లీకంతా ఒకే వెలుగు

నెట్ కనెక్షన్ ఎవరిది వాళ్లదే అనుకుంటాం. బిల్లు మన పేరు మీద వస్తుంది, పాస్‌వర్డ్ మనం పెట్టుకున్నదే, పెట్టె మన గోడకే ఉంటుంది. కానీ హైదరాబాద్ లాడ్ బజార్ గాజుల దుకాణంలో గల్లా పక్కన మేకుకు వేలాడే తెల్ల పెట్టెను చూసి, దాని వెనక నుంచి వెళ్లే సన్నటి తీగ వెంట నడిస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఆ తీగ దుకాణం దాటి, కరెంటు స్తంభం ఎక్కి, ఓ నల్ల డబ్బాలోకి దూరుతుంది. అలాంటి తీగలు చుట్టుపక్కల దుకాణాల నుంచీ ఇళ్ల నుంచీ 32 దాకానో 64 దాకానో వచ్చి కలుస్తాయి. అవతలికి పోయేది మాత్రం ఒక్కటే గాజు పోగు. పేరుకు ఎవరి కనెక్షన్ వాళ్లదే గానీ, వాడకం అంతా ఉమ్మడి.

ఈ పెట్టెకు ముత్తాత మోడెమ్. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో ఇంటర్నెట్‌ను జనానికి తెరిచినప్పుడు, నెట్ కావాలంటే ఫోన్ లైన్ మీద డయల్ చేసి, పని కాగానే పెట్టేయాల్సిందే. 1998లో ప్రైవేటు సంస్థలకూ అనుమతి వచ్చింది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. అదే నెలలో 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకునే వీలు కలిగింది. ఆ తర్వాత డాబాల మీదుగా టీవీ కేబుల్ లాగిన కుర్రాళ్లే నెట్ తీగలూ లాగారు. రాగి పోయి గాజు వచ్చింది. 2017లో హైదరాబాద్‌లో యాక్ట్ సంస్థ గిగాబిట్ కనెక్షన్ అమ్మడం మొదలుపెట్టింది. 13 ఏళ్లలో వేగం దాదాపు నాలుగు వేల రెట్లు పెరిగింది.

మోడెమ్ వంశంలో ఇప్పటి వారసుణ్ణి కేబుల్‌వాళ్లు ఓఎన్‌టీ అంటారు. దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్స్ఛేంజ్ నుంచి దిగివచ్చే కాంతి 1490 నానోమీటర్లది, ఇంటి నుంచి పైకి పోయేది 1310 నానోమీటర్లది. రెండూ ఒకే పోగులో ఎదురెదురుగా పోతూ ఒకదాన్నొకటి అంటుకోవు. కిందికి వచ్చే సమాచారం గల్లీలోని పెట్టెలన్నిటికీ చేరుతుంది. ఏ పెట్టె వాటా ఆ పెట్టే విప్పుకుంటుంది, పక్కవాళ్లది తాళం వేసి ఉంటుంది. పైకి పంపడం దగ్గరే అసలు క్రమశిక్షణ. ఇద్దరు ఒకేసారి కాంతి వెలిగిస్తే రెండూ చెడిపోతాయి కాబట్టి, ఎక్స్ఛేంజ్‌లోని యంత్రం ఒక్కో పెట్టె ఎంత దూరంలో ఉందో కొలిచి, ఇన్ని మైక్రోసెకన్లు నీవి, ఆ తర్వాతివి వాడివి అని వంతులు పంచుతుంది. ఏదైనా ఒక పెట్టె లేజరు పాడై వంతు లేకుండా వెలుగుతూనే ఉంటే డబ్బాకు కలిసిన ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది. తప్పు ఏ ఇంట్లో ఉందో పట్టుకోవాలంటే పెట్టెలను ఒక్కొక్కటిగా ఆపి చూడటమే.

పాతబస్తీలో ఆ పనికి వచ్చే కుర్రాడి సంచిలో గాజు పోగును కత్తిరించే క్లీవర్, పవర్ మీటరు ఉంటాయి. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే ‘లాస్ వచ్చింది’ అంటాడు, అంటే కాంతి అందడం లేదని. మీటరు మైనస్ 20 డీబీఎం దరిదాపుల్లో చూపిస్తే నిశ్చింత, మైనస్ 27 దాటితే లైను మీద నమ్మకం లేదు. చాలాసార్లు కారణం చిన్నదే. ఎవరో తీగను మేకుకు గట్టిగా చుట్టి ఉంటారు. గాజు తెగదు గానీ ఆ వంపు దగ్గర కాంతి పక్కకు జారిపోతుంది.

ఇక స్తంభాల సంగతి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కోయించింది, నగరంలో ఎన్నో చోట్ల నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. ప్రాణాల కంటే నెట్ ఎక్కువేమీ కాదు. అయితే వేలాడే తీగలను కోసినంత మాత్రాన సమస్య తీరదు. వాటికి నేల కింద దారి చూపించాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవాల్సిన గల్లీల్లో ఆ తవ్వకం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు.

ఇంతటి ఉమ్మడి వ్యవస్థ నిలబడింది ఒక పాత లెక్క మీద. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఎర్లాంగ్ 1909లో దానికి పునాది వేశాడు. అందరూ ఒకేసారి మాట్లాడరు, కాబట్టి అందరికీ సరిపడా లైన్లు అక్కర్లేదన్నది ఆ లెక్క సారం. నెట్ సంస్థలు ఇప్పటికీ దాన్నే నమ్ముకున్నాయి. ఇలా గల్లీ అంతా పంచుకునే జీపాన్ పద్ధతి పోగులో కిందికి వచ్చే సామర్థ్యం దాదాపు 2.5 గిగాబిట్లు. 32 ఇళ్లకు తలా 100 మెగాబిట్లు అమ్మితే 3.2 గిగాబిట్లు అవుతుంది. ఇది మోసమేమీ కాదు. మనుషులు నిద్రపోతారు, బయటికి వెళతారు, వీడియో ఆపి అన్నం తింటారు. అందుకే లెక్క నిలిచింది.

కానీ నెట్‌కు కట్టిన వస్తువులు నిద్రపోవు. కెమెరానే తీసుకోండి. హైదరాబాద్‌లో కెమెరా లేని దుకాణం అరుదు. జనం పెద్దసంఖ్యలో గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని 2013 ప్రజాభద్రత చట్టమే చెబుతోంది. దుకాణంలోనే ఉండే డీవీఆర్‌లో రికార్డయితే లైను మీద భారం పడదు. బొమ్మను క్లౌడ్‌కు పంపే రకం అయితే సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజుకు 21.6 గిగాబైట్లు, నెలకు దాదాపు 650 గిగాబైట్లు పైకి పోతాయి. నాలుగు కెమెరాలుంటే చాలా ప్లాన్లలో ఉండే 3,300 గిగాబైట్ల హద్దులో ముప్పాతిక అక్కడే అయిపోతుంది. కదలిక కనిపిస్తేనే పంపే కెమెరా పెట్టుకోమని సలహా ఇస్తారు. కాలనీ ఇంటి గేటుకైతే అది పనికొస్తుంది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ క్షణం ఆగని లాడ్ బజార్‌లో, రంజాన్ రాత్రుల్లో తెల్లవారుజాము దాకా జనం తిరిగే చోట, ఆ కెమెరాకు విరామం ఎక్కడ దొరుకుతుంది?

పైగా ఈ భారమంతా పడేది పైకి పోయే దారి మీద. డేటావన్ నాటి ఏడీఎస్ఎల్ నుంచీ జనం దించుకుంటారే గానీ పంపేది తక్కువన్న నమ్మకంతోనే ఆ దారిని ఇరుకుగా కట్టారు. జీపాన్‌లోనూ అది కింది దారిలో సగమే.

ఇంటి లోపల ఇంకో ఉమ్మడి ఉంది, గాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తగలని చానళ్లు 1, 6, 11 మూడే. చౌకరకం స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు ఎక్కువగా ఈ మూడింటిలోనే సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు బోలెడుంది గానీ, పత్తర్‌గట్టీ రాతి గోడలనూ పాత ఇళ్ల మందపు సున్నపు గోడలనూ అది దాటలేదు. దాంతో అందరూ మళ్లీ 2.4లోనే ఇరుక్కుంటారు. 200 మెగాబిట్లకు డబ్బు కట్టినవాడికి వెనక గదిలో 12 వస్తే ఫోన్ చేసేది కేబుల్‌వాళ్లకే. వాళ్ల మీటరులో లైను బాగానే ఉంటుంది. గోడను, పక్కింటి రూటరును, పాత ఫోనును ఆ మీటరు చూపించలేదు. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే. చూడలేని చోటుకు వాళ్లు జవాబు చెప్పాలి.

చివరి ఉమ్మడి చిరునామా. పాత పద్ధతి ఐపీ చిరునామాలు ప్రపంచం మొత్తానికీ 430 కోట్లే. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతపు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. ఐపీవీ6 అనే కొత్త పద్ధతి వచ్చినా పాత చిరునామాల అవసరం తీరలేదు. అందుకే చాలా సంస్థలు పదుల ఇళ్లను ఒకే చిరునామా వెనక ఉంచుతున్నాయి. ఒక ఇంట్లో కెమెరా దారి తప్పితే ఆ చిరునామా నల్లజాబితాకు ఎక్కుతుంది. అప్పుడు పక్క గల్లీలో బ్యాంకు సైటు తెరిచినవాడు ‘నేను రోబోను కాను’ అని పదేపదే నిరూపించుకోవాలి.

కెమెరా దారి తప్పడం ఎలా ఉంటుందో 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చూపించింది. ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరుసగా ప్రయత్నించడం, తలుపు తెరుచుకుంటే దూరడం, అంతే దాని విద్య. ఒక దశలో ఆరు లక్షల దాకా కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లు దాని చేతికి చిక్కాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అవి సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. మరుసటి నెల జర్మనీలో డాయిష్ టెలికామ్ ఖాతాదారుల రూటర్లు 9 లక్షలు మూగబోయాయి. 2017 జులైలో మన వంతు వచ్చింది. కర్ణాటకలో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లు వేలసంఖ్యలో పనిచేయడం మానేశాయి. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్‌గా వదిలేసిన పెట్టెలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. పాస్‌వర్డ్ మార్చుకోండని సంస్థ ఖాతాదారులను కోరాల్సి వచ్చింది.

గాజులమ్మే మనిషి మోడెమ్ లోపలి పాస్‌వర్డ్ మార్చుకోవాలని ఆశించడం నాకు సబబనిపించదు. పెట్టె సంస్థది, దాని లోపలికి దూరం నుంచి వెళ్లి సరిచేసే వీలు కూడా సంస్థకే ఉంది. కాబట్టి బాధ్యతా దానిదే కావాలి. మన దేశంలో టెలికామ్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇలాంటి వస్తువుల భద్రతకు నియమావళి తెచ్చింది. బ్రిటన్ ఇంకో అడుగు వేసి, 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే తేలిక పాస్‌వర్డ్‌తో వస్తువులు అమ్మడాన్ని నిషేధించింది. భద్రతా సవరణలు ఎంతకాలం ఇస్తారో కొనేవాడికి ముందే చెప్పాలనీ చట్టం చేసింది. మన పెట్టెల అడుగున సీరియల్ నంబరు, వై-ఫై పేరు, తయారైన దేశం అచ్చువేస్తున్నారు. ఆ సవరణలు ఆగిపోయే తేదీని కూడా అక్కడే వేయాలి, ఆ తేదీ రాగానే పాతది తీసి కొత్తది బిగించే ఖర్చు సంస్థే పెట్టుకోవాలి.